ఫిజియో క్లినిక్, యోగా సెంటర్, పంచకర్మ కేంద్రం: బీమా సరిగ్గా ఎంచుకునే పద్ధతి

తణుకు నుంచి, రావులపాలెం నుంచి, అమలాపురం నుంచి తోటి ఫిజియోలు, యోగా టీచర్లు, ఆయుర్వేద డాక్టర్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, క్లినిక్‌కి ఇన్సూరెన్స్ చేయిద్దామనుకుంటున్నానండి, ఏ కంపెనీది మంచిదంటారు?" నేను ఎదురు అడిగేదీ ఒకటే. "మీరు రోజూ ఏమేం చేస్తారో ఒక కాగితం మీద రాశారా అండీ?"

కంపెనీ పేరు అన్నిటికంటే చివర తేలాల్సిన విషయం. పాలకొల్లులో పద్నాలుగేళ్లుగా ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. బీమా అమ్మే పని నాది కాదు. కానీ నాకు బీమా అక్కరకు రావాల్సిన సందర్భాలు రెండు వచ్చాయి. ఒకటి వాన నీటి వల్ల, ఒకటి హాట్ ప్యాక్ వల్ల. రెండుసార్లూ నష్టపోయాను. నా చేతిలో పాలసీ ఉంది, ప్రీమియం కట్టాను. నేను చేసే పనికీ పాలసీలో రాసి ఉన్నదానికీ పొంతన లేదు, అంతే. ఆ రెండింటినీ కలపడం ఎలాగో కింద వరసగా రాస్తున్నాను. దయచేసి వరస మార్చకుండా చేయండి.

1. ఏజెంటును పిలిచే ముందు పని జాబితా రాయండి

ఒక వారం పాటు ఏ రోజు చేసిన పని ఆ రోజే రాత్రి రాసి పెట్టుకోండి. నా జాబితాలో ఒక మంగళవారం ఇలా ఉంది:

"ఉదయం 6:30 నుంచి 9 వరకు ఇళ్లకు వెళ్లి పక్షవాతం పేషెంట్లు ముగ్గురు. టెన్స్ మిషన్ (నొప్పికి సన్నటి కరెంటు పెట్టేది) బండి డిక్కీలో. 10 నుంచి 1 వరకు క్లినిక్. ఊడ్పులకు వెళ్లి నడుం పట్టేసిన ఆడవాళ్లు, చెట్టెక్కి భుజం జారిన కొబ్బరి దింపు కార్మికుడు. హాట్ ప్యాక్, ఐఎఫ్‌టీ (ఇదీ కరెంటు చికిత్సే), అల్ట్రాసౌండ్. మధ్యాహ్నం అసిస్టెంట్ ఒక్కతే క్లినిక్‌లో. రాత్రి 8కి కువైట్‌లో ఉన్నామెకు వీడియోలో వ్యాయామాలు."

వీటిలో నాలుగు నా పాత పాలసీలో లేవు. ఇళ్లకు వెళ్లడం లేదు, డిక్కీలో మిషన్ లేదు, అసిస్టెంట్ లేదు, కువైట్ అసలే లేదు.

మీ జాబితాలో ఇవన్నీ ఉండాలి:

- చేసే చికిత్సలు అన్నీ. నెలకోసారి చేసే కప్పింగ్, డ్రై నీడ్లింగ్, ఆవిరి పెట్టె కూడా వదలొద్దు.
- చోటు: క్లినిక్, పేషెంటు ఇల్లు, అపార్టుమెంటు మేడ మీద యోగా క్లాసు, గుడి దగ్గర ఉచిత క్యాంపు, ఫోన్, వీడియో.
- మనుషులు: గర్భిణులు, పిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వస్తారా?
- మీతో పనిచేసేవాళ్లు, వాళ్ల చదువు, వాళ్లు పేషెంటును ముట్టుకుంటారా లేదా.
- మీరు అమ్మేవి: తైలాలు, చూర్ణాలు, బెల్టులు, డైట్ పొడులు.
- మీ కాగితాలు: డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, క్లినిక్ రిజిస్ట్రేషన్, అద్దె అగ్రిమెంటు, బ్యాంకు లోను ఉంటే దాని పత్రాలు.

మీ డిగ్రీకి, రిజిస్ట్రేషన్‌కు బయట చేసే పనికి ఏ పాలసీ అండగా రాదు. ఆయుర్వేద డాక్టరు ఇంగ్లీషు మందు ఇంజెక్షన్ చేసినా, యోగా టీచరు బీపీ మాత్ర ఆపమన్నా, దాని మీద వచ్చే క్లెయిమ్‌ను కంపెనీ కాదనడానికి దారి ఇచ్చినట్టే. జాబితాలో అలాంటి పని కనిపిస్తే బీమా కొనకముందే ఆ పని మానేయండి.

2. ఏ ప్రమాదానికి ఏ పాలసీ: ముందుగా కొనాల్సినవి

"అన్నీ కలిపి ఒకటే పాలసీ ఉంటుంది కదా" అని చాలామంది అనుకుంటారు. ప్యాకేజీ పాలసీలు ఉన్నాయి కానీ వాటిలోనూ సెక్షన్లు విడివిడిగా ఉంటాయి. మీరు ఎంచుకున్న సెక్షనే పనిచేస్తుంది.

- చికిత్స వల్ల మనిషికి హాని జరిగిందన్న ఆరోపణ: ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ.
- మీ గుమ్మంలో జారి పడ్డారు, ఫ్యాను ఊడి పడింది: పబ్లిక్ లయబిలిటీ.
- అగ్ని, తుఫాను, వరద, ముంపు: భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష.
- మిషన్ లోపల బోర్డు కాలింది: ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ.
- దొంగతనం: బర్గ్‌లరీ పాలసీ.
- మీ దగ్గర పనిచేసేవాళ్లకు దెబ్బ తగిలింది: ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ.
- మీరే మంచాన పడ్డారు: పర్సనల్ యాక్సిడెంట్, హెల్త్ పాలసీలు.

డబ్బు తక్కువుంటే మొదటి మూడూ కొనండి. అందులోనూ మొదటిదాన్ని మాత్రం వాయిదా వేయొద్దు. మిషన్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఒక మనిషి ఒంటికి హాని జరిగిందని కేసు పడితే ఆ పరిహారం ఎంతో మన చేతిలో ఉండదు.

3. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ: నింపాదిగా చదవాల్సిన పాలసీ

నా దగ్గర జరిగింది చెప్తాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న ఒక రైతు పిక్క నొప్పితో వచ్చారు. హాట్ ప్యాక్ పెట్టాం. అది 70 డిగ్రీలు దాటిన నీళ్లలోంచి తీసిన ప్యాక్, చుట్టూ తువ్వాలు మడతలు వేసి పెడతాం. "ఇంకాస్త వేడి పెట్టమ్మా, వెచ్చగా కూడా తెలీట్లేదు" అన్నారాయన. నేను పక్క గదిలో ఉన్నాను. అసిస్టెంట్ ఒక మడత తీసేసింది. ఆయనకు వేడి తెలియకపోవడానికి కారణం ప్యాక్ చల్లారడం కాదు, షుగర్ వల్ల కాలికి స్పర్శ తగ్గడం. మర్నాడు పిక్క మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

వాళ్లబ్బాయి వచ్చాడు. నాకు టెన్షన్‌తో చేతులు ఆడలేదు. మందుల ఖర్చుకు 8,000 ఇచ్చి, లెటర్‌హెడ్ మీద "మా పొరపాటు వల్ల జరిగింది" అని రాసి సంతకం పెట్టాను. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత లాయర్ నోటీసు వచ్చింది. కంపెనీకి చెబితే వాళ్లు మొదట అడిగినవి రెండు. అసిస్టెంట్ పేరు పాలసీలో ఎందుకు లేదు? మమ్మల్ని అడక్కుండా తప్పు ఒప్పుకుంటూ ఎందుకు రాశారు? రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. చివరికి రాజీ సొమ్ము నేనే కట్టుకున్నాను.

కాబట్టి ఈ పాలసీలో చూడాల్సినవి ఇవి.

క్లెయిమ్ వచ్చిన రోజున పాలసీ బతికి ఉండాలి. ఈ పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన తేదీని బట్టి పనిచేస్తాయి. మీరు 2024 జూన్‌లో చేసిన చికిత్స మీద 2026 ఏప్రిల్‌లో నోటీసు వస్తే, 2026 ఏప్రిల్‌లో పాలసీ అమల్లో ఉండాలి. 2024లో ఉండి 2025లో మానేస్తే లాభం లేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది కాబట్టి, క్లినిక్ మూసేసినా కనీసం ఆ రెండేళ్లు రక్షణ కొనసాగేలా కంపెనీని అడగండి.

రెట్రోయాక్టివ్ తేదీ. ఏ తేదీ తర్వాత చేసిన చికిత్సలకు రక్షణ ఉంటుందో చెప్పే తేదీ ఇది. మొదటి పాలసీ కొన్న రోజే ఇది మొదలవుతుంది. ఏటా తెగకుండా రెన్యువల్ చేస్తే అదే తేదీ నిలుస్తుంది. మధ్యలో తెగితే తేదీ ముందుకు జరిగిపోతుంది, వెనక ఏళ్ల పనంతా రక్షణ లేకుండా మిగులుతుంది. కంపెనీ మారేటప్పుడు కొత్త పాలసీలో పాత తేదీనే వేయించుకోండి.

ఒక్క కేసుకు ఎంత, ఏడాది మొత్తానికి ఎంత. ఏడాదికి 20 లక్షల లిమిట్, నిష్పత్తి 1:2 అని ఉంటే ఒక్క కేసుకు 10 లక్షల వరకే. 1:1 అని ఉంటే మొత్తం 20 లక్షలూ ఒకే కేసుకు వాడుకోవచ్చు. ఒకే చోట చిన్నగా ప్రాక్టీసు చేసేవాళ్లకు 1:1 మేలని నా అభిప్రాయం. మనకు ఏడాదిలో నాలుగు కేసులు పడవు. పడితే ఒకటి పడుతుంది, అది పెద్దదే అవుతుంది. లాయర్ ఖర్చులు కూడా ఇదే లిమిట్‌లోంచి పోతాయా అనేది అడిగి తెలుసుకోండి.

అసిస్టెంట్లు. వాళ్ల పొరపాటుకు కూడా బాధ్యత మీదే. అదనపు ప్రీమియం కట్టి పాలసీలో చేర్పించండి. చదువు లేనివాళ్లయితే ఆ మాట దాచకుండా ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తులో, రాయండి.

విదేశాల పేషెంట్లు. మన డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, భీమవరం చుట్టుపక్కల అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఎంతమందో. వాళ్లు వీడియోలో చూడమంటే కాదనలేం. కానీ మామూలు పాలసీలో భారతదేశంలో చేసిన పనికి, ఇక్కడి కోర్టుల్లో వేసిన కేసులకే రక్షణ ఉంటుంది. డాలస్‌లో ఉన్నావిడ అక్కడే కేసు వేస్తే మీరు ఒంటరే. దానికి విడిగా రాతపూర్వక అనుమతి లేకపోతే ఆ చికిత్స ఒప్పుకోవద్దు. అక్కడే రిజిస్టరైన ఫిజియోను చూడమని చెప్పండి.

మినహాయింపులు. మత్తులో చేసిన పని, చట్టవిరుద్ధమైన పని ఎలాగూ రావు. బరువు తగ్గించే మందులు, అందానికి చేసే చికిత్సలు చాలా పాలసీల్లో మినహాయింపులోనే ఉంటాయి. స్లిమ్మింగ్ ప్యాకేజీలు నడిపేవాళ్లు ఈ పేజీని రెండుసార్లు చదవాలి.

యోగా టీచర్లకు, మసాజ్ చేసేవాళ్లకు, వెల్‌నెస్ కోచ్‌లకు ఒక మాట. డాక్టర్ల కోసం తయారైన పాలసీ మీకు వర్తించకపోవచ్చు. దానిలో "రిజిస్టరైన వైద్యులు" అని ఉంటే మీరు ప్రీమియం కట్టినా ప్రయోజనం ఉండదు. ఇతర వృత్తులకు ఇచ్చే ఇండెమ్నిటీ పాలసీ కావాలని అడగండి, మీ వృత్తి పేరు ఉన్నదున్నట్టు పాలసీ షెడ్యూలులో (మీ వివరాలు, లిమిట్లు ఉండే పేజీలో) రాయించండి. "కన్సల్టెంట్" అని గుండుగుత్తగా రాస్తే ఒప్పుకోవద్దు.

"మన దగ్గర 300 ఫీజుకు ఎవరు కేసు వేస్తారండీ" అనే మాట తరచూ వింటాను. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం ఏ కమిషన్‌కు వెళ్లాలో తేలేది మీరు తీసుకున్న ఫీజును బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 300 ఫీజు తీసుకున్న కేసులో లక్షలు అడగొచ్చు, జిల్లా కమిషన్‌లోనే అడగొచ్చు. పైగా ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. సంక్రాంతికి వచ్చి మెడ పట్టేసిందని మీ దగ్గరికొచ్చిన హైదరాబాదు అబ్బాయి హైదరాబాదులోనే వేస్తాడు, మీరే అక్కడికి తిరగాలి. పేదవాళ్లకు ఉచితంగా చేశాం కదా అన్న ధీమా కూడా వద్దు. కొందరి దగ్గర ఫీజు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట, ఉచితంగా చేయించుకున్నవాళ్లూ వినియోగదారులే.

4. పబ్లిక్ లయబిలిటీ

ఇది తేలిక. తైలం ఒలికిన నేల మీద జారడం, మెట్ల దగ్గర పడటం, పేషెంటుతో వచ్చిన మనవడు మిషన్ వైరు లాగడం, ఇలాంటివి. చికిత్సతో సంబంధం లేని ప్రమాదాలు కాబట్టి ఇండెమ్నిటీలో రావు. షాపు ప్యాకేజీలో ఈ సెక్షన్ దొరికితే విడిగా కొనక్కర్లేదు. పార్కులో, కల్యాణ మండపంలో యోగా క్లాసులు పెట్టేవాళ్లు ఆ చోట్లు కూడా వర్తిస్తాయని రాయించుకోండి.

5. నీరు, గాలి, నిప్పు

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చిన్న వ్యాపారాలకు ఒక ప్రామాణిక పాలసీ పెట్టింది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకే చోట ఆస్తి మొత్తం విలువ 5 కోట్లు దాటనివాళ్లకు. ఏ కంపెనీ దగ్గర కొన్నా ప్రాథమిక రక్షణ ఒక్కటే: అగ్ని, పిడుగు, తుఫాను, వరద, ముంపు, భూకంపం, నీళ్ల ట్యాంకు పగలడం వంటివన్నీ ఇందులో వస్తాయి. మన క్లినిక్‌లన్నిటికీ ఇది సరిపోతుంది.

దీని బదులు ఏజెంటు వేరే ప్యాకేజీ చూపిస్తే, అందులో ఎస్‌టీఎఫ్‌ఐ ఉందా అని అడగండి. తుఫాను, గాలివాన, వరద, ముంపు కలిపి వాళ్లు వాడే మాట అది. ప్రీమియం తగ్గించడానికి దాన్ని తీసేసిన పాలసీ డెల్టాలో మనకెందుకు?

మన ఊళ్లలో నీళ్లు ఎక్కువగా వచ్చేది గోదావరి గట్టు తెగి కాదు, మురుగు కాలవలు ఎగదన్ని. యనమదుర్రు డ్రెయిన్ పొంగితే భీమవరం వీధుల్లో ఏమవుతుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పాలసీలో వరదతో పాటు ముంపు అనే మాట ఉండటం అందుకే ముఖ్యం. గోడల్లోంచి ఏళ్ల తరబడి ఊరే చెమ్మకు మాత్రం ఏ పాలసీ డబ్బివ్వదు.

ఒక సెప్టెంబరు వానకు మా క్లినిక్‌లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ట్రాక్షన్ టేబుల్ మోటారు, వ్యాక్స్ బాత్, రెండు మంచాల ప్లైవుడ్ పోయాయి. పాలసీ ఉంది. కానీ అంతకు ఏడు నెలల ముందు క్లినిక్‌ను కాలవ రోడ్డు నుంచి పక్క వీధిలోకి మార్చాను, పాలసీలో చిరునామా మార్పించలేదు. కంపెనీ ఒక్క పైసా ఇవ్వలేదు. ఆస్తి పాలసీ అందులో రాసిన చోటికే వర్తిస్తుంది. ఎండార్స్‌మెంట్ అనే ఒక్క సవరణ కాగితం తీసుకుని ఉంటే సరిపోయేది.

బీమా మొత్తం లెక్కేసే తీరు:

- గది గదికీ తిరిగి సామాను రాయండి. మంచం, ఏసీ, ఇన్వర్టర్, కర్టెన్లు, సైన్ బోర్డు, తైలాల స్టాకు.
- ప్రతి వస్తువుకూ ఇవాళ కొత్తది కొంటే ఎంతో వేయండి, మీరు కొన్నప్పటి ధర కాదు. పాలసీ కూడా కొత్తది కొనే ఖరీదు మీదే ఉండాలని చెప్పండి.
- అద్దె గది అయితే భవనం మీది కాదు. కానీ మీరు వేయించిన పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్, టైల్స్ మీ లెక్కలోకి తెచ్చుకోండి.
- ప్రతి గదినీ వీడియో తీసి, బిల్లుల ఫొటోలతో పాటు ఇంట్లో వేరే ఫోన్‌కు కూడా పంపి ఉంచండి.

తక్కువ చూపిస్తే ఏమవుతుంది? సామాను 10 లక్షలది, బీమా 6 లక్షలకు, నష్టం 2 లక్షలు అనుకోండి. కంపెనీ నిష్పత్తి కట్టి 1,20,000 మాత్రమే ఇస్తుంది. "6 లక్షల వరకు ఉంది కదా, 2 లక్షలూ ఇవ్వాలిగా" అని అందరూ ఇక్కడే బోల్తా పడతారు. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం వరకు తేడాను పట్టించుకోరు, అంతకు మించితే కోత పడుతుంది.

బ్యాంకు లోను ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూడండి. బ్యాంకు చేయించిన పాలసీ తరచూ లోను మొత్తానికే ఉంటుంది, మీ సామాను విలువకు కాదు. దాని కాపీ కూడా చాలామంది చూసి ఉండరు. వెళ్లి అడిగి తెచ్చుకోండి.

ఈ పాలసీ సామానుకే డబ్బిస్తుంది. క్లినిక్ నెల రోజులు మూతపడితే పోయిన ఆదాయం ఇందులో రాదు. దానికి బిజినెస్ ఇంటరప్షన్ అనే అదనపు రక్షణ కావాలి. లంక గ్రామాల్లో, పల్లపు వీధుల్లో ఉన్నవాళ్లు దాని ధర కనుక్కోండి.

ఎప్పుడు కొనాలి? ఏప్రిల్, మే నెలల్లో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తారు. ఆ వార్త టీవీలో వచ్చాక బీమా ఆఫీసుకు పరిగెత్తితే ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం. ప్రీమియం కంపెనీకి చేరాకే రక్షణ మొదలవుతుంది, ఏజెంటుకు ఫోన్‌లో చెప్పినప్పుడు కాదు.

6. మిషన్లు, దొంగతనం

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో కరెంటు వస్తూ పోతూ ఉంది. నేను సాయంత్రమే మిషన్లన్నిటి ప్లగ్గులు పీకేశాను. అలా పీకనివాళ్లు తెలుసుకోవాల్సింది ఇది: వోల్టేజీ ఎక్కువై లేదా షార్ట్ సర్క్యూటై ఒక మిషన్ లోపలే కాలిపోతే, ఆ మిషన్‌కు అగ్ని పాలసీ డబ్బివ్వదు. దాని నుంచి మంట పక్క సామానుకు అంటుకుంటే ఆ సామానుకు ఇస్తుంది. లేజర్, షాక్‌వేవ్ లాంటి ఖరీదైన మిషన్లు ఉన్నవాళ్లే ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ తీసుకోండి. చిన్న టెన్స్ మిషన్‌కు మంచి స్టెబిలైజర్ చాలు. ఇళ్లకు తీసుకెళ్లే మిషన్ ఉంటే బయట కూడా వర్తించేలా అడగండి.

బర్గ్‌లరీ పాలసీలో తాళం పగలగొట్టిన గుర్తులు ఉండాలి. తలుపు తీసి ఉండగా కౌంటర్ మీద ఫోన్ పోతే రాదు.

7. పనిచేసేవాళ్లు, మీరు

ఒక్క అసిస్టెంట్ ఉన్నా ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ధర అడగండి. ఆవిరి యంత్రం దగ్గర, మరిగే తైలం దగ్గర పనిచేసేవాళ్లు వాళ్లే. పదిమంది, అంతకు మించి ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) సంగతి మీ ఆడిటర్‌తో మాట్లాడండి. బ్యాంకు ఖాతా ఉన్న, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసువాళ్లకు ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. మీ ఆయమ్మకు, స్వీపరుకు ఇవాళే ఫారం నింపించండి.

మన చేతులే మన ఆదాయం. మణికట్టు విరిగితే రెండు మూడు నెలలు పని ఉండదు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో తాత్కాలిక అశక్తతకు వారం వారం డబ్బిచ్చే రక్షణ ఉన్నదే తీసుకోండి.

8. కొటేషన్లు తెచ్చి పోల్చడం

ప్రభుత్వ రంగంలో నాలుగు జనరల్ బీమా కంపెనీలున్నాయి: న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. వీటిలో ఒకటి, ప్రైవేటువి రెండు, మొత్తం మూడు కొటేషన్లు చాలు. మూడింటికీ మీ పని జాబితా కాపీ ఒకటే ఇవ్వండి. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి, బ్రోకరు మీ తరఫు మనిషి. ఏజెంటుకు కంపెనీ ఇచ్చిన నియామక పత్రం, బ్రోకరుకు ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, చూపించమని అడగడంలో మొహమాటం వద్దు.

ఈ ప్రశ్నలు వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో పంపి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి:

- నా జాబితాలో ఏ పని ఈ పాలసీ కిందకు రాదు?
- ఇళ్లకు వెళ్లి చేసే చికిత్స, క్యాంపులు వర్తిస్తాయా?
- రెట్రోయాక్టివ్ తేదీ ఏది?
- ఒక్క కేసుకు ఎంత, ఏడాదికి ఎంత?
- ప్రతి క్లెయిమ్‌లో నేను భరించాల్సిన ఎక్సెస్ ఎంత? వరదకు విడిగా ఉందా?
- కేసు వస్తే లాయర్‌ను ఎవరు పెడతారు?

ఇండెమ్నిటీ, ఆస్తి పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది. వైద్య సేవలకు జీఎస్‌టీ మినహాయింపు కాబట్టి ఆ పన్ను మనకు తిరిగి రాదు. అందుకే పన్నుతో కలిపిన మొత్తాన్నే పోల్చండి.

కొన్ని సంఘాలు సభ్యత్వ రుసుము తీసుకుని కేసుల్లో సాయం చేస్తామంటాయి. లాయర్ సలహా వరకు అవి పనికొస్తాయి. కానీ బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ నంబరు మీ చేతికి రాకపోతే అది బీమా కాదు.

9. పాలసీ చేతికొచ్చిన వారంలో

చాలామంది కవరు కూడా చింపరు. ఒక గంట కూర్చుని, పని జాబితా పక్కన పెట్టుకుని షెడ్యూలు చదవండి.

- పేరు, క్లినిక్ పేరు, డోర్ నంబరుతో చిరునామా సరిగ్గా ఉన్నాయా?
- వృత్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు?
- అసిస్టెంట్ల పేర్లు?
- ఎస్‌టీఎఫ్‌ఐ మినహాయింపు ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందా?
- మీరు అడిగిన లిమిట్, నిష్పత్తి, తేదీ?

తప్పుంటే వెంటనే ఈమెయిల్ పెట్టి సవరణ తెప్పించండి. క్లినిక్ మారినా, కొత్త మిషన్ కొన్నా, కొత్త చికిత్స మొదలుపెట్టినా, మనిషి మారినా అదే పని చేయండి. రెన్యువల్ తేదీని నెల ముందే ఫోన్‌లో పెట్టుకోండి.

ఇదే వారంలో తెలుగులో ఒక అంగీకార పత్రం తయారు చేసుకోండి. షుగర్, పేస్‌మేకర్, ఒంట్లో రాడ్లు, గర్భం, స్పర్శ తగ్గడం, ఈ అయిదింటికీ అవును, కాదు గడులు ఉండాలి. పేషెంటు సంతకం, తేదీ. మా క్లినిక్‌లో ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ల కాలికి ప్యాక్ పెట్టే ముందు దూదితో, పిన్నుతో స్పర్శ చూసి కేసు షీటులో రాస్తాం. ప్యాక్ పెట్టిన అయిదు నిమిషాలకు తీసి చర్మం చూస్తాం. ఏ లాయరైనా మొదట అడిగేది ఆ కేసు షీటే.

10. ఏదైనా జరిగిన రోజు

ముందు మనిషిని చూడండి. ప్రథమ చికిత్స చేసి, అవసరమైతే ఆసుపత్రికి మీరే తీసుకెళ్లండి. "బాబాయిగారూ, ఎలా ఉందండీ" అని రోజూ పలకరించడానికి ఏ పాలసీ అడ్డు చెప్పదు. అడ్డు చెప్పేది రెండింటికే: తప్పు మాదే అని రాసివ్వడం, కంపెనీ రాతపూర్వక అంగీకారం లేకుండా రాజీ డబ్బు ఇవ్వడం. మన ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుని "ఎంతో కొంత ఇచ్చేయమ్మా, అయిపోతుంది" అంటారు. మంచి మనసుతోనే అంటారు. వాళ్లతో ఇలా చెప్పండి: "ఇవ్వనని కాదండీ, బీమా కంపెనీకి చెప్పాను, వాళ్ల జవాబు రాగానే మాట్లాడదాం."

తర్వాత వరస:

- అదే రోజు కంపెనీకి ఈమెయిల్. నోటీసు రాకపోయినా, వచ్చేలా ఉందనిపిస్తే చాలు.
- కేసు షీటులో జరిగింది జరిగినట్టు రాయడం. పాత పేజీ దిద్దకూడదు.
- నీటి నష్టమైతే నీళ్లు ఉండగానే ఫొటోలు, గోడ మీద నీటి గీత ఫొటో. పాడైన సామాను సర్వేయర్ (నష్టం లెక్కేయడానికి కంపెనీ పంపే మనిషి) వచ్చేదాకా పారేయొద్దు, కానీ మిగిలినది పాడవకుండా పైకెత్తాలి.
- దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్ కాపీ.
- సర్వేయర్‌కు ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు.

కంపెనీ కాదంటే కారణం రాతలో అడగండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255కు ఫోన్ చేసి నమోదు చేయండి. నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తీర్చే అధికారి, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. సొంత పేరు మీద నడిపే చిన్న క్లినిక్‌ల పాలసీలు కూడా ఆయన పరిధిలో ఉంటాయి, యానాం కూడా హైదరాబాదు కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు పాలసీ, కంపెనీ తిరస్కార పత్రం, మీరు ఈమెయిల్‌లో తీసుకున్న ఆ ప్రశ్నల జవాబులు, మొదట రాసిన పని జాబితా జత చేయండి.